అడవికి పోవాల్సిన రోజులు సముద్రానికిచ్చాం

నాలుగు రోజుల సెలవు కోసం మా ఇంట్లో నెల రోజులు తగువు నడిచింది. ఈ రోజుల్లో మా మనవలు ఫోనులో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని, పులులున్న అడవికి పోదామా, నీలం నీళ్ళ మధ్య దీవికి పోదామా అని తర్జనభర్జన పడుతుంటే నాకు నవ్వాగదు. అదే తగువు మేము చీపురుపల్లిలో, అరవై ఏడు–అరవై ఎనిమిది ప్రాంతంలో పడ్డాం. మా ఆయన జగన్నాథం మాంగనీసు గనుల ఆఫీసులో గుమాస్తా. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పెళ్ళయి మూడేళ్ళయినా ఇద్దరం కలిసి పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ మాఘమాసంలో ఎలాగో ఇద్దరికీ ఒకేసారి నాలుగు రోజులు దొరికాయి.

ఆయనకు అడవి పిచ్చి. సాలూరు పైన కొండల్లో ఫారెస్టు గార్డుగా చేస్తున్న చిన్ననాటి స్నేహితుడొకడు, వస్తే కణుజు దుప్పుల్ని చూపిస్తాననీ, అదృష్టం బాగుంటే ఎలుగుబంటి కూడా కనబడుతుందనీ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని మా ఆయన చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు. నాకేమో సముద్రం చూడాలని. పుట్టింటా అత్తింటా వరి చేలే తప్ప నేను చూసిన పెద్ద నీళ్ళు చెరువు నీళ్ళే. "సముద్రంలో ఏటుంటాది చూడ్డానికి? ఇవతలా నీళ్ళే, అవతలా నీళ్ళే" అన్నారాయన. "అడవిలో ఏటుంటాది? ఇవతలా చెట్లే, అవతలా చెట్లే" అన్నాను నేను. పోరు నష్టం పొందు లాభం అని చివరికి మా అత్తగారే తీర్పు చెప్పారు. ముందు రెండు రోజులు సముద్రం, తరవాత రెండు రోజులు అడవి. సముద్రం ముందు ఎందుకంటే, అడవి చూసొచ్చాక మా ఆయన ఇక ఎక్కడికీ కదలరని ఆవిడకు తెలుసు.

చీపురుపల్లిలో తెల్లవారి ఆరింటికి పాసింజరు ఎక్కాం. పొందూరు దాటి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగేసరికి ఏడున్నర. మనిషికి రూపాయి లోపే టిక్కెట్టు. అక్కణ్ణించి బస్సులో శ్రీకాకుళం ఊళ్ళోకి వెళ్ళి, బస్టాండు ఎదుట ఇడ్లీలు తిని, పదింటికి గార మీదుగా కళింగపట్నం వెళ్ళే బస్సు పట్టుకున్నాం. డ్రైవరు వెనక సీట్లో కూచున్నాను. అతను అద్దంలోంచి చూసి, "ఎవరింటికమ్మా ఎల్తన్నారు?" అన్నాడు. ఎవరింటికీ కాదు, సముద్రం చూడ్డానికి అని చెప్పాను. "టిక్కెట్టు కొనుక్కుని మరీ సముద్రాన్ని సూడ్డానికెల్లేవోలిని మిమ్మల్నే సూసినాను" అన్నాడు. మా ఆయన గర్వంగా నా వైపు చూశారు, తన వాదనకు సాక్షి దొరికినట్టు.

కళింగపట్నంలో బస్సు దిగేసరికి పన్నెండు దాటింది. ప్రయాణికుల బంగళాలో గదికి రోజుకు రెండు రూపాయలు. ముందుగా కార్డు రాసి పెట్టుకున్నాం కాబట్టి దొరికింది. గది పెచ్చులూడిపోయి ఉన్నా కిటికీ తీస్తే ఎదురుగా సముద్రం. నేను కిటికీ దగ్గర నిలబడి ఎంతసేపు చూశానో తెలీదు. ఏడ్చాను కూడా. ఎందుకేడ్చావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అంత నీరు ఎవరి చేలోకీ పారకుండా ఊరికే ఉండటం నాకు వింతగా అనిపించింది.

బంగళా వంటవాడు అప్పన్న అరవయ్యేళ్ళ మనిషి. మేము చేపల పులుసు తిందామని ఆశపడి వచ్చామని చెబితే తల అడ్డంగా ఊపాడు. "సేపలెక్కడివమ్మా? పదకొండు రోజుల్నుంచి సముద్రం ఖాళీగా ఉన్నాది. కందిపప్పు, వంకాయ వండెత్తాను, తినండి" అన్నాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఊరి సంగతులు చెప్పాడు. వంశధార సముద్రంలో కలిసే చోట, ఏటి అవతల ఒక ఇసుక దిబ్బ ఉందట. మూడు వైపులా నీళ్ళు. దాని మీద ఇరవై గుడిసెలు. ఆ ఇరవై ఇళ్ళకీ కలిపి ఒకటే పెద్ద వల, దాని యజమానురాలు నూకమ్మ. మొగుడు పోయి ఆరు నెలలైంది. అప్పట్నించి వల ఆమే నడిపిస్తోంది. "మొగుడు పోయినదాని వలకి సేప పడదని కొందరు గొనుగుతున్నారు. రేపు పొద్దున్న వల ఏత్తారు. రేపు కూడా పడకపోతే మనుసులు ఇంకో వలకి పోతారు. మనుసుల్లేని వల ఏటి సేసుకుంతాది?" అన్నాడు అప్పన్న. చూడాలనుకుంటే ఏడింటికల్లా నావ దగ్గరికి పొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్నే మనిషికి పది పైసలిచ్చి నావ ఎక్కాం. దిబ్బ మీద కాలు పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎటు తిరిగినా నీళ్ళు, మధ్యలో తెల్లటి ఇసుక, గాలికి ఊగే సరుగుడు చెట్లు నాలుగు. మా ఆయన మాత్రం ఇసుక మీద ఏవో చారలు చూసి ఆగిపోయారు. మధ్యలో ఏదో ఈడ్చిన గుర్తు, రెండు పక్కలా వరసగా గాట్లు, నీళ్ళ నుంచి పైకొచ్చి మళ్ళీ నీళ్ళలోకే పోయాయి. "ట్రాక్టరు ఇక్కడికెలా వచ్చింది? నావ మీద తెచ్చుంటారా?" అని సీరియస్‌గా అడిగారు. నావవాడు నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. "అది తాబేలమ్మ నడక బాబూ. గుడ్లెట్టుకోడానికి రేత్రి పైకొచ్చి ఎల్లినాది." మా ఆయన వంగి ఆ గాట్లను జానతో కొలవటం మొదలుపెట్టారు. జంతువంటే చాలు, ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆయన్ని అక్కడే వదిలేసి నేను అలల వైపు నడిచాను. తప్పు అక్కడే జరిగింది. పడవ అప్పటికే సముద్రంలో వలను వంపు తిప్పి వేసి వచ్చేసింది. వలకు రెండు చివర్లా రెండు పొడవాటి తాళ్ళు. ఒక్కో తాడునీ పదిమంది ఒడ్డున పాట పాడుకుంటూ వెనక్కి నడుస్తూ లాగుతున్నారు. లాగేవాళ్ళ నడుముకు మందపాటి గుడ్డ పట్టీ, దాని కొస తాడుకు తగిలించి ఉంది. భారమంతా నడుము మీదే పడుతుంది. ఒక తాడు నా దారికి అడ్డంగా, మోకాలి ఎత్తున ఉంది. పొలంలో గట్టు దాటినట్టు, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని దాటేశాను.

లాగేవాళ్ళు ఠక్కున ఆగిపోయారు. పాట ఆగిపోయింది. ఎవరూ నన్ను తిట్టలేదు, దానికే నాకు భయం వేసింది. ఆ వరసలో చివర ఉన్న ముసలాయన, పేరు గురయ్య అని తరవాత తెలిసింది, సముద్రం వైపు చూస్తూ "అయిపోనాది. ఈ పూట కూడా అయిపోనాది" అన్నాడు. ఆడమనిషి తాడు దాటితే ఆ వలకు చేప పడదని వాళ్ళ నమ్మకం. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా పిల్లలకు బళ్ళో చెప్పేదాన్ని. ఆ రోజు కడుక్కుందామన్నా దారి కనబడలేదు.

అప్పుడు రెండో తాడు దగ్గర్నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, బొట్టు లేదు, చేతులు తాళ్ళలాగే ఉన్నాయి. ఆవిడే నూకమ్మ. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏ ఊరమ్మా?" అని అడిగింది. చీపురుపల్లి అన్నాను. తెలీక చేశాను, క్షమించమన్నాను. "తెలీదని తాడుకి తెలుస్తాదేటి?" అని తన నడుము పట్టీ విప్పి నా చేతిలో పెట్టింది. "దాటినోలే లాగాల. వల పైకొచ్చేదాకా వొదలకూడదు. పట్టు."

మా ఆయన పరుగెత్తుకొచ్చి, నాకు అలవాటు లేదనీ, నా బదులు తను లాగుతాననీ అన్నారు. "నువ్వూ లాగు బాబూ, ఎవులొద్దన్నారు? ఆయమ్మ తప్పు ఆయమ్మదే" అంది నూకమ్మ. గురయ్య ఆయనకూ ఒక పాత పట్టీ విసిరాడు. నేను వరసలో గురయ్య ముందు, మా ఆయన నా ముందు. మళ్ళీ పాట మొదలైంది.

రెండున్నర గంటలు లాగాం. మీలో ఎవరైనా అది సరదా అనుకుంటే ఒక్క మాట చెబుతాను. అలకు ఎదురుగా లాగకూడదు. అల వెనక్కి పోయేటప్పుడు కాలు పాతి ఆపాలి, ముందుకొచ్చేటప్పుడు లాగాలి. ఈ సంగతి నాకు బోధపడేసరికి నా అరచేతుల్లో తోలు లేచిపోయింది. ఇసుకలో కాలు జారి రెండుసార్లు పడ్డాను. పడినప్పుడల్లా గురయ్య "లెగమ్మా" అనేవాడు, అంతే. నా మనసులో ఒకటే జపం. నాలుగు చేపలు పడనీ తల్లీ, నా మూలంగా ఈవిడ వల ఆగిపోకుండా చూడు అని. దేవుడి గదిలో కూడా నేను అంత గట్టిగా మొక్కుకోలేదు.

పదింటికి రెండు తాళ్ళ వాళ్ళూ దగ్గరకొచ్చారు. వల సంచీ నీళ్ళలో కనబడింది, బరువుగా ఉంది. లోపల తళతళ మెరుస్తోంది. చేపే. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. అంతలో రొమ్ముల లోతు నీళ్ళలో ఉన్న వాళ్ళు "ఆపండి" అని కేక వేశారు. "తాబేలమ్మ పడ్డాది. మెడకి వల సుట్టుకున్నాది."

ఆ మాట విని ఎవరూ ఒక్క అంగుళం లాగలేదు. లాగితే మెడకు బిగుస్తుంది. లాగకపోతే అది పైకొచ్చి ఊపిరి తీసుకోలేదు. తాబేలు వాళ్ళకు కూర్మావతారం, సాక్షాత్తు స్వామి. విడిపించాలంటే సంచీ మూతి దగ్గర వల కోయాలి. కోస్తే చేప సముద్రంలోకే పోతుంది. పదకొండు రోజుల తరవాత పడిన చేప. మనుషులందరూ నూకమ్మ వైపు చూశారు. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. "కొయ్యండి" అంది.

మా ఆయన పట్టీ విప్పి నీళ్ళలోకి దూకారు. ఈత రాని మనిషి. గురయ్య కొడవలితో దారాలు కోస్తుంటే, నలుగురు కలిసి ఆ తాబేలును ఎత్తి పట్టుకున్నారు. చాటంత వెడల్పుంది. కణుజును దూరం నుంచి చూసి మురిసిపోదామనుకున్న మా ఆయన, దాని ముందు రెక్కతో చెంప మీద ఫెడీమని దెబ్బ తిన్నారు. ఒడ్డుకు తెచ్చి ఇసుకలో పెట్టాక అది పెద్ద నిట్టూర్పు విడిచింది, ముసలమ్మ గడప దిగినట్టు. ఈలోగా వెండి రంగు చేపలు కోసిన చోటునుంచి అలలో కలిసిపోవడం అందరం చూస్తూనే ఉన్నాం.

వల వేసే ముందు పూజకు తెచ్చిన పసుపూ కుంకుమా కొబ్బరి చిప్పలో ఉన్నాయి. నూకమ్మ ఆ చిప్ప నా చేతికివ్వబోయింది. "నువ్వెట్టమ్మా సామికి. నా సెయ్యి పనికిరాదు." నేను తీసుకోబోతుంటే గురయ్య అడ్డం వచ్చాడు. నీళ్ళు కారుతున్న మొహంతో, "ఆ సామి ఎవులి వలలోకొచ్చినాడు? నీ వలలోకి. నువ్వే ఎట్టాల" అన్నాడు. నూకమ్మ చిప్ప వెనక్కి తీసుకుంది. తరవాత వంగి తాబేలు డిప్ప మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నుదురు ఇసుకకు ఆనించి మొక్కింది. తాబేలు మెల్లగా ఈడ్చుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

సంచీలో మిగిలింది రెండు గంపల చేప. ఇరవై ఇళ్ళకు అది కూరకు సరిపోదు. మాకూ ఆకులో చారెడు నెత్తళ్ళు, చిన్న చేపలే, పెట్టారు. వద్దన్నాను. "తాడట్టినోలు వాటా వొద్దనకూడదు" అంది నూకమ్మ. తీసుకున్నాను. వల చుట్టి ఇసుక మీద కుప్ప పోశారు. అప్పుడు ఒక్కొక్కరే వచ్చి, తమ నడుము పట్టీ ఆ కుప్ప మీద వేసి పోవడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే గురయ్య చెప్పాడు. "పట్టీ ఏసి ఎల్తే రేపొత్తామని మాట. పట్టీ ఇంటికట్టుకెల్తే ఇక రామని." తన పట్టీ అందరికంటే ముందు వేసింది అతనే. పదీ, పన్నెండూ, పదిహేనూ పడ్డాయి. మా తాడు మీదున్న ఇద్దరు అన్నదమ్ములు మాత్రం తమవి భుజాన వేసుకుని, నూకమ్మ వైపు చూడకుండా నావ దగ్గరికి నడిచారు. "మాకూ పిల్లలున్నారు పిన్నీ" అన్నాడు పెద్దవాడు. ఆవిడ "ఎల్లండి బాబూ" అంది. కోపం లేదు. వాళ్ళ తప్పూ లేదు.

వల రేపు మళ్ళీ వేయాలంటే తాడుకు పదిమంది కావాలి. ఈ తాడుకు ఇద్దరు తగ్గారు. కోసిన చోట కుట్టుకోవడానికి నూకమ్మ దారం వెతుకుతోంది. నేను మా ఆయన వైపు చూశాను. మా బస్సు మధ్యాహ్నం మూడింటికి. రాత్రికి విజయనగరం, తెల్లారి బొబ్బిలి, అక్కణ్ణించి సాలూరు బండి. ఫారెస్టు గార్డు సాలూరు స్టేషనుకు వచ్చి నిలబడతాడు. చొక్కా జేబులో ఉన్న ఉత్తరం అప్పటికే ఉప్పునీళ్ళలో నానిపోయింది. మా ఆయన ఇసుకలో వదిలేసిన తన పాత పట్టీ తీసి దులిపారు. తరవాత వెళ్ళి కుప్ప మీద వేశారు. వెనక్కి తిరిగి నాతో, "సుభద్రా, నీదేది? ఒక్కడినే లాగమంటావేటి?" అన్నారు. నా పట్టీ కూడా వేశాను.

నూకమ్మ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "అడివికెల్తామన్నారు కదేటి?" అంది. పొద్దున తాడు లాగుతూ ఆయనే అందరికీ చెప్పుకున్నారు. "అడివి ఎక్కడికీ పోదు" అన్నారాయన. ఆ మనిషి మీద నాకు ఆ క్షణంలో కలిగినంత ప్రేమ పెళ్ళి పీటల మీద కూడా కలగలేదని ఇప్పుడు రాసుకోడానికి సిగ్గేమీ లేదు.

మూడో రోజు పొద్దున చేతులకు గుడ్డలు చుట్టుకుని మళ్ళీ లాగాం. ఆ పూట తాడు పక్కన నూకమ్మ కూడా నాతో నడిచింది. నిన్న నన్ను తిట్టొచ్చు కదా, ఎందుకు ఊరుకున్నావని అడిగాను. "ఆరు నెల్ల నుంచి నన్నూ అలగే అంతన్నారు కదమ్మా. ఆ మాట ఎలగుంతాదో నాకు తెల్దేటి?" అంది. వల పైకొచ్చింది. నిండలేదు. కానీ కవళ్ళూ నెత్తళ్ళూ కలిపి ప్రతి ఇంటికీ గంపెడు చొప్పున పడ్డాయి. సాయంత్రం బంగళా వరండాలో అప్పన్న వండిన చేపల పులుసు తింటుంటే నావవాడు వచ్చి కబురు చెప్పాడు. ఆ అన్నదమ్ములిద్దరూ తిరిగొచ్చి కుప్ప మీద తమ పట్టీలు వేశారట. తాడుకు మళ్ళీ పదిమందయ్యారు కాబట్టి, మా రెండు పట్టీలూ తీసి నూకమ్మ తన గుడిసె వాసానికి గుర్తుగా వేలాడదీసుకుందట. నాలుగో రోజు పొద్దున బస్సెక్కి ఇంటికొచ్చేశాం.

సాలూరు స్టేషనులో పూటంతా ఎదురుచూసిన ఫారెస్టు గార్డు మాతో రెండేళ్ళు మాట్లాడలేదు. మేము రాసిన కార్డు అతనికి మూడు రోజుల తరవాత అందింది. తరవాత పిల్లలు, బదిలీలు, చదువులు. అడవికి వెళ్ళడం ఇంతవరకూ పడలేదు. ఎవరైనా అడిగితే, కణుజులే తనను చూడలేకపోయాయని మా ఆయన అంటారు. అడవి గొప్పదా సముద్రం గొప్పదా అని నన్నడిగితే చెప్పలేను, నేను ఒకటే చూశాను కాబట్టి. నేను చూడ్డానికి వెళ్ళింది నీళ్ళను. తప్పు చేసిన నాకు తిట్టు బదులు తాడు ఇచ్చిన మనిషి దొరికింది. పక్కనున్న మనిషి ఎలాంటివాడో మూడేళ్ళ కాపురంలో తెలీనిది మూడు గంటల్లో తెలిసింది. అందుకు ఆ దిబ్బకూ, నూకమ్మకూ, వలలో పడిన ఆ తాబేలుకూ కూడా నేను ఋణపడి ఉన్నాను.

మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే నాది ఒకటే సలహా. అడవికైనా సరే, దీవికైనా సరే, నాలుగు రోజులు సెలవుంటే మూడు రోజులకే పథకం వేసుకోండి. నాలుగోది ఖాళీగా ఉంచండి. అక్కడ ఎవరికో అవసరమవుతుంది.